ఇంటి కింద ఏముంది? పెండిల్ హిల్‌లో పునాది పరీక్ష

పెండిల్ హిల్‌లో పాత ఫైబ్రో ఇల్లు కొనాలని చూస్తున్నారా? లేక మీ అమ్మానాన్నలు ఇరవై ఏళ్లుగా ఉంటున్న ఇంటి గోడకు ఈ ఏడాది కొత్తగా బీట పడిందా? ఏదైనా సరే, ఎవరో ఒకరు "ఇన్‌స్పెక్షన్ చేయించండి" అంటారు. అనడం తేలికే. టార్చిలైటు పట్టుకుని వచ్చిన మనిషి ఏం చూస్తారు, ఏం చూడరు, వారు పంపే పొడుగాటి రిపోర్టులో ముందు ఏ పేజీ చదవాలి అన్నది మాత్రం ఎవరూ చెప్పరు. ఇల్లు కొనేవాళ్లకైతే ఆలోచించుకోవడానికి ఉండేది ఐదు పనిదినాలే. ఒక్కోసారి అవి కూడా ఉండవు.

ముందు ఒక మాట అర్థం చూద్దాం. తెలుగులో పునాది అంటే నేల తవ్వి, రాయో ఇటుకో కాంక్రీటో వేసి కట్టిన భాగం. ఆస్ట్రేలియా ప్రమాణాల్లో దాన్ని ఫుటింగ్ అంటారు. ఫౌండేషన్ అంటే ఆ ఫుటింగ్ కింద ఉన్న నేల. రిపోర్టులో "ఫౌండేషన్ కదిలింది" అని చదవగానే కట్టిన పని చెడిపోయిందని మనం భయపడతాం. వాళ్లు చెప్పేది కింది మట్టి కదిలిందని. పెండిల్ హిల్‌లో కథంతా ఆ మట్టిదే.

నేల సంగతి

పెండిల్ హిల్, వెంట్‌వర్త్‌విల్, గిరవీన్, టూంగాబీ అన్నీ వియనమట్ట అనే షేల్ రాతి పొరల మీద ఉన్నాయి. షేల్ అంటే కోట్ల ఏళ్ల కింద పేరుకుని గట్టిపడిన బురద. ఆ రాయి పైభాగం ఎండకూ వానకూ మెల్లగా విడిపోయి బంకమట్టి అయింది. పెరట్లో గునపంతో రెండు అడుగులు తవ్వితే ఎర్రగానో, గోధుమ రంగుగానో, బూడిద రంగు చారలతోనో కనిపించేది అదే.

కృష్ణా, గుంటూరు వైపు నల్లరేగడి గురించి మీ పెద్దవాళ్లు చెప్పే ఉంటారు. వేసవిలో అది ఎండి, కాలు దూరేంత బీటలు తీస్తుంది. వాన పడితే ఉబ్బి, చెప్పులు ఊడిపోయేంత జిగటగా మారుతుంది. పత్తికి మంచి నేల, ఇంటికి మొండి నేల. ఇక్కడి మట్టి రేగడి కాదు, అంత తీవ్రమైనదీ కాదు. కానీ గుణం ఆ జాతిదే. నీరు తాగితే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. ఇలాంటి మట్టిని ఇక్కడ రియాక్టివ్ క్లే అంటారు. (1920లలో బాండ్స్ వాళ్లు పెండిల్ హిల్‌లో నూలు మిల్లు పెట్టారు. పత్తి పండే నేలకు దూరపు చుట్టం లాంటి నేల మీద నూలు మిల్లు! అది కాకతాళీయమే అనుకోండి.)

మట్టి ఎంత కదులుతుందో చెప్పడానికి ఏఎస్ 2870 అనే ప్రమాణం ఉంది. నేల పైమట్టం ఎండాకాలానికీ తడికాలానికీ మధ్య 20 మిల్లీమీటర్ల వరకు కదిలేదైతే ఎస్ తరగతి. 20 నుంచి 40 వరకు ఎమ్, 40 నుంచి 60 వరకు హెచ్1, 60 నుంచి 75 వరకు హెచ్2, 75 దాటితే ఈ. అసలు కదలని ఇసుక, రాతి నేల ఏ తరగతి. కొత్తగా పోసిన మట్టి, వాలులో జారే మట్టి లాంటి చిక్కు నేలలు పీ. మన ప్రాంతంలో ఎమ్, హెచ్ తరగతులు మామూలే. అయితే ఒక వీధిలోనే ఇంటింటికీ తేడా ఉండవచ్చు కాబట్టి పక్కింటి తరగతి మీ ఇంటిదని అనుకోకండి.

ఇప్పుడు వానలు గుర్తు చేసుకోండి. 2017 నుంచి 2019 వరకు కరువు. మట్టి లోతు వరకు ఎండిపోయింది. తర్వాత లా నినా వానలు వచ్చాయి. 2022లో సిడ్నీ అబ్జర్వేటరీ హిల్ దగ్గర 2,530 మిల్లీమీటర్ల వాన పడింది. అంతకు ముందు రికార్డు 1950 నాటిది, 2,194 మిల్లీమీటర్లు. మూడేళ్లు ముడుచుకున్న మట్టి మూడేళ్లు ఉబ్బితే పైనున్న గోడ ఊరుకుంటుందా? ఆ ఏళ్లలో వచ్చిన బీటలను చాలామంది అప్పుడు పూత పూసి కప్పేశారు. ఇప్పుడు అమ్మకానికి వచ్చే ఇళ్లలో ఆ పూత కింద ఏముందో చూడాల్సింది మీరు.

దిమ్మెల ఇల్లు, స్లాబ్ ఇల్లు

పెండిల్ హిల్‌లో రెండు రకాల ఇళ్లు ఎక్కువ. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కట్టిన ఫైబ్రో, ఇటుక ఇళ్లు చాలావరకు ఇటుక దిమ్మెల మీద నిలబడి ఉంటాయి. దిమ్మెల మీద లావు దూలాలు, వాటి మీద అడ్డంగా సన్న దూలాలు, వాటి మీద చెక్క నేల. లావు దూలాన్ని బేరర్ అనీ, సన్న దూలాన్ని జాయిస్ట్ అనీ రిపోర్టులో రాస్తారు. రెండో రకం కొత్త ఇళ్లు. నేల మీద నేరుగా పోసిన కాంక్రీటు స్లాబ్ మీద కట్టినవి.

స్లాబ్ అంటే గట్టిది, దిమ్మెలంటే పాతకాలపు పేదరికం అనే అభిప్రాయం మన ఇళ్లలో వినిపిస్తుంది. దానికి కారణం లేకపోలేదు. ఫిజీలో చెరకు రైతుల ఇళ్లు చాలావరకు కౌలు భూమి మీద ఉండేవి. 1976 చట్టం కింద నడిచిన కౌళ్లు 1997 నుంచి ముగియసాగాయి. కౌలు కొనసాగని కుటుంబాల్లో కొందరు ఇంటి రేకులూ కలపా విప్పుకుని వేరే చోటికి మోసుకెళ్లారు. విప్పి తీసుకెళ్లాల్సి వచ్చే ఇంటికి లోతైన పునాది ఎవరు వేస్తారు? అందుకే సొంత నేల దొరికాక కాంక్రీటు మీద ఆశ పుట్టడం సహజం.

కానీ పరీక్ష వరకు చూస్తే నా ఓటు దిమ్మెల ఇంటికే. దాని కిందికి పాకి వెళ్లి చూడవచ్చు. ఒక దిమ్మె కుంగితే జాకీ పెట్టి దూలాన్ని లేపి, మధ్యలో ప్యాకింగ్ పెట్టి సరిచేయవచ్చు. స్లాబ్ వంగితే ఆ వెసులుబాటు ఉండదు. దాని కింద ఏం జరుగుతోందో కూడా పైనుంచి ఊహించాల్సిందే.

దిమ్మెల ఇంట్లో ఇన్‌స్పెక్టరు ముందు కిందికి వెళ్లే చిన్న తలుపు వెతుకుతారు. అది ఇంటి వెనక గోడలో ఉండవచ్చు, ఒక్కోసారి అల్మారా నేలలో ఉంటుంది. లోపల దిమ్మెలు నిటారుగా ఉన్నాయా, ఒరిగాయా చూస్తారు. దిమ్మెకూ దూలానికీ మధ్య ఖాళీ వచ్చిందా, ఆ ఖాళీలో ఎవరైనా చెక్కముక్కలు కుక్కారా చూస్తారు. మట్టి తడిగా ఉందా? స్నానాల గది కింద పైపు కారుతోందా? గాలి కోసం గోడలో పెట్టిన చిల్లుల ఇటుకలను ఎవరైనా మూసేశారా? తర్వాత చెదలు. దిమ్మె తల మీద చిన్న రేకు ఉంటుంది, దాన్ని యాంట్ క్యాప్ అంటారు. అది చెదలను ఆపదు. చెదలు దాని అంచు చుట్టూ మట్టి గొట్టం కట్టుకుని పోక తప్పదు కాబట్టి, మన కంటికి కనబడేలా చేస్తుంది. దాని పని అంతే. ఆ రేకు తుప్పు పట్టినా వంగినా ఆ పని జరగదు.

స్లాబ్ ఇంట్లో బయటి అంచు ముఖ్యం. చెదలు ఎక్కితే కనబడడానికి స్లాబ్ అంచు కనీసం 75 మిల్లీమీటర్లు బయటికి కనిపిస్తూ ఉండాలి. ఇటుక గోడ అడుగు వరసలో నిలువు సందులు ఉంటాయి. వీప్ హోల్స్ అనే ఆ సందుల్లోంచి గోడ లోపలి నీరు బయటికి వస్తుంది. పూలమొక్కల కోసం గోడ వారగా మట్టి పోసి, లేదా కొత్త టైల్స్ పరచి వాటిని కప్పేసిన ఇళ్లు ఎన్నో. బయటికి అందమే. పరీక్షలో మాత్రం అది మొదటి తప్పు.

ఇంటి లోపల రెండు రకాల ఇళ్లకూ పద్ధతి దాదాపు ఒకటే. ప్రతి తలుపూ తెరిచి మూస్తారు. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా బీటలు పోతున్నాయా, ఇటుక గోడలో బీట మెట్లు మెట్లుగా దిగుతోందా, గోడ అడుగున ఉండే చెక్కపట్టీకీ నేలకూ మధ్య సందు ఉందా గమనిస్తారు. తడి కొలిచే చిన్న మీటరును గోడకు ఆనిస్తారు. నేల వాలు చూడడానికి కొందరు లేజర్ లెవెల్ తెస్తారు. తెస్తారా అని ముందే అడగండి.

బీటలు చదవడం

బీట కనబడగానే ఇల్లు కూలిపోతుందని కాదు. ఏఎస్ 2870లో దానికి కూడా కొలతలు ఉన్నాయి. 0.1 మిల్లీమీటరు కన్నా సన్నమైనది వెంట్రుక బీట, దాన్ని లెక్కచేయరు. 1 మిల్లీమీటరు లోపు ఉంటే మరమ్మతు అక్కర్లేదు. 5 మిల్లీమీటర్ల లోపు ఉంటే కనబడుతుంది, తలుపులు కొంచెం పట్టేస్తాయి, కానీ పూడ్చి పూత వేయవచ్చు. 5 నుంచి 15 మిల్లీమీటర్ల మధ్య అయితే గోడలో కొంత భాగం తీసి మళ్లీ కట్టాల్సి రావచ్చు, పైపులు విరగవచ్చు. 15 దాటితే తీవ్రం. బ్యాంకు కార్డు మందం ముప్పావు మిల్లీమీటరు. కార్డు అంచు బీటలో దూరకపోతే ఆ రాత్రికి నిద్రపోవచ్చు.

వెడల్పు ఒక్కటే చాలదు, ఆకారం కూడా చూడాలి. ఇంటి మూల దగ్గర బీట పైన వెడల్పుగా, కిందికి వచ్చేకొద్దీ సన్నగా ఉంటే ఆ మూల కుంగిందని అనుమానం. ఎండాకాలం తెరుచుకుని వానాకాలం మూసుకునే బీట మట్టి ఊపిరి తీస్తున్నట్టు. ఎప్పుడూ పెరుగుతూ పోయేదైతే వేరే కారణం ఉంది. సాధారణంగా ఎక్కడో నీరు కారుతూ ఉంటుంది.

ఆ తేడా ఒక్క రోజు వచ్చి చూసిన మనిషికి తెలియదు. అందుకని మీరు ఇంట్లో ఉంటున్నవాళ్లయితే బీట రెండు చివర్లా పెన్సిలుతో అడ్డగీత గీసి తేదీ వేయండి, వెడల్పు రాయండి. రెండు మూడు నెలలకోసారి మళ్లీ చూడండి. ఏడాది పాటు రాసిన నాలుగు తేదీలు ఇంజనీరుకు ఏ ఫోటో కన్నా ఎక్కువ చెబుతాయి.

పరీక్షలో చేయనివి

ఏఎస్ 4349.1 ప్రకారం చేసే పరీక్ష కంటితో చూసే పరీక్ష. ఇన్‌స్పెక్టరు సోఫా జరపరు, తివాచీ లేపరు, గోడ కోయరు, మట్టి తవ్వరు. ఇంటి కింద సుమారు 400 మిల్లీమీటర్ల ఎత్తు లేకపోతే పాకి వెళ్లరు. కింద మట్టిలో విరిగిన ఫైబ్రో ముక్కలు పడి ఉంటే కూడా ఆగిపోవచ్చు. ఫైబ్రోలో ఆస్బెస్టాస్ ఉంటుంది కాబట్టి అది న్యాయమే. ఆస్బెస్టాస్ వాడకాన్ని ఆస్ట్రేలియా పూర్తిగా నిషేధించింది 2003 డిసెంబరు 31న. అంతకు ముందు కట్టిన పాత ఫైబ్రో గోడకు మీరు కూడా రంధ్రాలు వేయకండి.

చెదలు మామూలు ఇంటి పరీక్షలో భాగం కాదు. దానికి ఏఎస్ 4349.3 కింద వేరే పరీక్ష ఉంది. రెండూ కలిపి చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. అయినా ధర మాట్లాడేటప్పుడు రెండూ ఉన్నాయా అని స్పష్టంగా అడగాలి. భూమిలోని మురుగు పైపుల లోపల ఏముందో కూడా ఇందులో తెలియదు. పాత ఇళ్లలో మట్టి పైపులుంటాయి. చెట్ల వేళ్లు వాటి అతుకుల్లో దూరి పగలగొడతాయి. కారిన నీరు ఒక మూల మట్టిని ఏడాది పొడుగునా మెత్తగా ఉంచుతుంది. అనుమానం ఉంటే ప్లంబరును పిలిచి పైపులో కెమెరా పెట్టించాలి. ఆ ఖర్చు విడిగా ఉంటుంది, కానీ గోడ మరమ్మతు కన్నా ఎంతో తక్కువ.

రిపోర్టు రాగానే అందరూ చివరి సారాంశం చదువుతారు. అక్కడ మేజర్ డిఫెక్ట్, మైనర్ డిఫెక్ట్, సేఫ్టీ హాజర్డ్ అనే మాటలుంటాయి. అంటే పెద్ద లోపం, చిన్న లోపం, ప్రాణానికి ప్రమాదం. "ఈ వయసు ఇళ్లతో పోలిస్తే సగటు స్థితి" అని కూడా రాస్తారు. డెబ్బై ఏళ్ల ఇంటికి సగటు స్థితి అంటే బాగుందని అర్థం కాదు, దాని ఈడు ఇళ్లలాగే ఉందని అర్థం. నేనైతే ముందు "చూడలేకపోయిన చోట్లు" అని ఉన్న పేజీ చదవమంటాను. ఇంటి కిందికి వెళ్లడానికి వీలు కాలేదని అందులో ఉంటే, మీరు డబ్బిచ్చిన పని సగమే జరిగింది. మిగతా పేజీల్లో ఎంత మంచి మాటలున్నా పునాది గురించి మీకు ఇంకా ఏమీ తెలియదు. ఏజెంటుకు ఫోన్ చేసి, ఆ తలుపు తెరిపించి, మళ్లీ రమ్మనాలి.

ఇన్‌స్పెక్టరు మరమ్మతు ఖర్చు చెప్పరు, ఇల్లు కొనవచ్చా అన్నదీ చెప్పరు. పెద్ద కదలిక కనబడితే స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవమని రాస్తారు. ఆ వాక్యాన్ని మర్యాద మాటగా తీసుకోకండి.

ఐదు రోజులు

న్యూ సౌత్ వేల్స్‌లో ఒప్పందాలు మార్చుకున్నాక కూలింగ్ ఆఫ్ అనే గడువు ఉంటుంది. ఐదో పనిదినం సాయంత్రం 5 గంటలకు అది ముగుస్తుంది. ఆలోపు వెనక్కి తగ్గితే ధరలో 0.25 శాతం పోతుంది. పది లక్షల డాలర్ల ఇంటికి అది 2,500 డాలర్లు. ఆ ఐదు రోజుల్లోనే ఇన్‌స్పెక్టరు రావాలి, రిపోర్టు రావాలి, అవసరమైతే ఇంజనీరూ రావాలి. వీలైతే సంతకానికి ముందే పరీక్ష చేయించడం మేలు.

వేలంలో కొంటే ఈ గడువు అసలే లేదు. సుత్తి పడితే ఇల్లు మీదే, బీటలూ మీవే. కొందరు ఏజెంట్లు 66డబ్ల్యు సర్టిఫికెట్ ఇమ్మంటారు. దాని మీద మీ లాయరు సంతకం పెట్టి ఇస్తే, మామూలు అమ్మకంలో కూడా మీరు ఈ గడువును వదులుకున్నట్టే. అమ్మేవాళ్లు చేయించిన రిపోర్టు ఇస్తే తీసుకోండి, చదవండి. కానీ మీ పేరు మీద, మీరు డబ్బిచ్చి చేయించుకున్నది వేరుగా ఉండాలి. తేడా వస్తే అడిగే హక్కు బలంగా ఉండేది దాని మీదే. ఇన్‌స్పెక్టరుకు ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ బీమా ఉందా అని కూడా అడగండి. అడిగితే ఎవరూ నొచ్చుకోరు.

ఇంకో కాగితం మీ చేతిలోనే ఉంటుంది, ఎవరూ చూడరు. అమ్మకపు కాంట్రాక్టులో మురుగు లైన్ల పటం ఉంటుంది. పెరట్లో గ్రానీ ఫ్లాట్ కట్టాలనే ఆలోచనతో కొనేవాళ్లకు అది మరీ ముఖ్యం. 450 చదరపు మీటర్ల స్థలం, 60 చదరపు మీటర్ల గ్రానీ ఫ్లాట్ అనే లెక్క అందరికీ నోటికి వచ్చు. లైను ఎక్కడ పోతోందో చూసేవాళ్లు తక్కువ. లైను మీద గానీ పక్కన గానీ కట్టాలంటే సిడ్నీ వాటర్ అనుమతి కావాలి, పునాది లోతుగా దించాల్సి రావచ్చు. ఇప్పటికే గ్రానీ ఫ్లాట్ ఉన్న ఇల్లయితే దానికి అనుమతి ఉందో లేదో కౌన్సిల్‌ను అడగండి. పెండిల్ హిల్ కొంత కంబర్లాండ్ కిందా కొంత పారమట్ట కిందా ఉంది. ఆ కప్పు మీద పడ్డ వాన ఎటు పోతోందో కూడా చూడండి. అది పెద్దింటి పునాది వైపు పారుతుంటే, రెండు ఇళ్ల వాన ఒక ఇంటి మట్టి తాగుతోందన్నమాట.

ఇంట్లో ఉన్నవాళ్ల పని

పునాది లోపాల్లో ఎక్కువ భాగం నీటి లోపాలు. బీట పూడ్చే ముందు నీటిని వెతకండి. చూరు కాలువలు ఆకులతో నిండాయా? గోడ మీదుగా దిగే పైపు భూమిలోని పైపుకు కలిసి ఉందా, లేక గోడ మొదట్లోనే నీరు వదులుతోందా? ఏసీ నుంచి చుక్కచుక్కగా కారే నీరు, వేడినీళ్ల ట్యాంకు నుంచి పొంగే నీరు కూడా లెక్కే. అవి రోజూ ఒకే చోట పడితే ఆ మూల ఒక్కటే ఉబ్బుతుంది. ఇల్లంతా సమానంగా కదిలితే గోడకు పెద్దగా నొప్పి ఉండదు. ఒక మూల తడిగా, ఇంకో మూల పొడిగా ఉన్నప్పుడే అది చీలుతుంది.

చెట్ల గురించి ఇంట్లో గొడవ తప్పదు. చెట్టు పెరిగాక ఎంత ఎత్తు అవుతుందో దాంట్లో ముప్పావు వంతు దూరంలో నాటాలని ఎమ్ తరగతి నేలకు సూచన. హెచ్ నేలకు పూర్తి ఎత్తు దూరం, ఈ నేలకు ఒకటిన్నర రెట్లు. కరివేపాకు మొక్కను వంటింటి గుమ్మం పక్కన నాటినా దాని ఎత్తు ఎంత గనక, కత్తిరిస్తూ ఉంటే చాలు. పదిహేను మీటర్ల గమ్ చెట్టుతోనే తంటా. అలాగని పాత పెద్ద చెట్టును ఒక్కసారిగా కొట్టేయడం కూడా మంచిది కాదు. అన్నాళ్లు అది తాగిన నీరు ఇప్పుడు మట్టిలోనే ఉండిపోయి నేల ఉబ్బుతుంది. దానికి కౌన్సిల్ అనుమతి కూడా కావాల్సి రావచ్చు.

అండర్‌పిన్నింగ్ అనే మాట విని హడలిపోకండి. పాత పునాది కింద మరింత లోతుగా కాంక్రీటు దించడం అది. నీటి కారణాలన్నీ సరిచేసి, కొన్ని నెలలు చూశాక కూడా కదలిక ఆగకపోతే చివరికి చేసే పని. ఇంటికి ఒక పక్క మాత్రమే చేస్తే ఆ పక్క కదలదు, మిగతాది మునుపటిలాగే కదులుతుంది. రెండూ కలిసే చోట కొత్త బీట వస్తుంది. అందుకని ఆ పని చేసే కంపెనీ మాట ఒక్కటే విని ఒప్పుకోవద్దు. ఆ పని అమ్మని ఇంజనీరు ఒకరు ముందుగా చూడాలి.

పరీక్ష రోజు మీరు కూడా వెళ్లండి. పాత బట్టలు, మూసిన చెప్పులు వేసుకోండి. ఇంటి కిందికి దిగనవసరం లేదు, తలుపు దగ్గర కూర్చుంటే చాలు. ఇన్‌స్పెక్టరు బయటికి వచ్చి మోచేతుల మట్టి దులుపుకుంటున్నప్పుడు మూడు సంగతులు అడగండి: ఎక్కడి దాకా వెళ్లగలిగారు, ఏ మూల తడిగా ఉంది, ఇది మీ ఇల్లయితే ముందు ఏం బాగు చేయిస్తారు? రిపోర్టులో రాయడానికి జంకే మాటలు కొన్ని అప్పుడు నోటితో చెబుతారు. ఫోనులో రాసుకోండి.